నోటుబుక్కులో రైటు, నోటిలెక్కలో తప్పు: నాలుగో తరగతి ఆడపిల్లల తీసివేతలపై ఒక కేస్ స్టడీ

మా బడి రాయలసీమలో వానను నమ్ముకున్న ఒక మెట్ట మండలంలో ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరు టీచర్లం: హెచ్‌ఎంగా నేను, ఇంకొకరు మా మేడం. వేరుశనగ, కంది, నీళ్లున్నచోట టమాటా. సేద్యంతో ఇల్లు గడవక చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు కువైట్ పోయారు. కొన్ని ఇళ్లలో తల్లే పోయింది. అందుకే మా దగ్గర పేరెంట్స్ మీటింగ్ అంటే అవ్వల మీటింగే. పొద్దున ఎనిమిదికల్లా టౌన్లోని ప్రైవేటు బడి వ్యాను ఊళ్లోకి వచ్చిపోతుంది. రచ్చబండ దగ్గర నిలబడి చూస్తే దాంట్లో ఎక్కేది ఎక్కువగా మగపిల్లలు. మా హాజరుపట్టీలో ఆడపిల్లలు ఎక్కువ. ఇది మా ఊరికే పట్టిన రోగం కాదు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలు, ప్రైవేటు బడుల్లో మగపిల్లలు మొగ్గుగా ఉండడం దేశంలో చాలా గ్రామాల్లో కనిపించేదే.

ఈ కేసు నాలుగో తరగతిది. సబ్జెక్టు లెక్కలు, అందులోనూ అప్పు తెచ్చుకుని చేసే తీసివేత.

ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలోనే వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల జాబితా చూస్తే మాకు సమస్యే లేదు. ఆడపిల్లలే పైన ఉన్నారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఈ మాట ఎవరన్నా అందరూ తలూపుతారు: "ఆడపిల్లలు బుద్ధిగా చదువుతారు, మగపిల్లలతోనే చావు." కానీ ఎఫ్‌ఏలో మార్కులు దేనికి వస్తాయి? రాతపనికి, ప్రాజెక్టుకు, క్లాసులో పాల్గొన్నందుకు, చివర స్లిప్ టెస్టుకు. దస్తూరి బాగుండి, అట్ట వేసిన నోటుబుక్కు టైముకు తెచ్చిచ్చే పిల్లకు ఇందులో పెద్ద భాగం వచ్చేస్తుంది. ఆ పిల్లకు తీసివేత వచ్చా రాదా అనేది ఆ జాబితా చెప్పదు.

అందుకని పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షించాం. గ్రామాల్లో పిల్లల చదువు, లెక్కలు ఇంటింటికీ తిరిగి పరీక్షించే అసర్ సర్వేవాళ్లు వాడే పద్ధతే: అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. చదువులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. పిల్ల ఏ తరగతిలో ఉందన్నది పక్కన పెట్టి, ఎక్కడ ఆగుతుందో అక్కడ గీత గీయడమే. మేం చేర్చిందల్లా ఒకటి. జవాబుతో పాటు, ఎలా చేశావో చెప్పమని అడిగాం. ఆడ, మగ వేరు వేరు కాగితాల మీద రాసుకున్నాం.

ఒక పాప. క్లాసులో మొదటి వరస, నోటుబుక్కు అద్దంలా ఉంటుంది, ప్రతి పేజీలో ఎర్ర ఇంకు రైట్లు, నా చేతిరాతతోనే "గుడ్" అని. ఆమెకు 43లోంచి 17 తీసేయమని ఇచ్చాను. గీత కొట్టి, స్కేలుతో మళ్లీ సరిచేసి, 34 అని రాసింది.

"ఎట్ల చేసినావు?"

"ఏడులో మూడు పోతే నాలుగు సార్. నాలుగులో ఒకటి పోతే మూడు."

"పైన ఉండేది మూడు గదా?"

"మూడులోంచి ఏడు తీయలేం సార్. అందుకే ఏడులోంచి మూడు తీసినా."

ఆమె తర్కంలో తప్పేం లేదు. తీయలేనప్పుడు ఏం చేయాలో ఎవరూ ఆమె చేత చేయించలేదు, అంతే. అదే నోటుబుక్కు తిరగేస్తే ఇలాంటి తీసివేతలు పేజీల కొద్దీ రైటుగా ఉన్నాయి. ఇదెలా సాధ్యమో తెలుసుకోవడానికి, ఒక రోజు నా లెక్కల పీరియడ్ మా మేడంను తీసుకోమని నేను వెనక బెంచీలో కూర్చున్నాను. బోర్డు మీద లెక్క పడుతుంది. "ఎవరు చెప్తారు?" అనగానే మగపిల్లలు నలుగురైదుగురు లేచి అరుస్తారు, తప్పో ఒప్పో. ఆ అరుపుల్లోంచి సరైన జవాబు ఏరి టీచరు బోర్డు మీద రాస్తుంది. అప్పుడు కదులుతుంది మా పాప పెన్సిలు. అప్పటిదాకా ఆమె మార్జిన్ గీస్తూ, తేదీ రాస్తూ ఉంటుంది. చూసినవాళ్లకు బుద్ధిగా పని చేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇంకొందరు ఆడపిల్లలదీ ఇదే వరస. మగపిల్లల్లోనూ తీసివేత రాని వాళ్లున్నారు, కానీ వాళ్ల తప్పులు వేరు రకం. మెట్లు రాయరు, ఊహించి ఏదో ఒకటి గీకుతారు, అడిగితే నోటితో సరైన జవాబు చెప్తారు. వాళ్ల సమస్య పేపరు మీద కనిపిస్తుంది కాబట్టి టీచరు కంట్లో పడుతుంది. ఆడపిల్లలది కనపడదు.

పెద్ద లెక్కలో మా ఊరు

ఇది మా ఒక్క బడి సంగతో కాదో తేల్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి ఐదేళ్ల పాటు ఐదు జిల్లాల్లోని 500 ప్రభుత్వ బడుల పిల్లల్ని ఏటా పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. ఆ సమాచారంతోనే ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, కేతకీ సేఠ్ ఆడ, మగ తేడా మీద పని చేశారు. అందులో తేలింది: బడిలో చేరిన కొత్తలో ఆడపిల్లలు లెక్కల్లో మగపిల్లలకు తీసిపోరు, తెలుగులో కాస్త ముందే ఉంటారు. అక్కడి నుంచి ఏటా కొంచెం కొంచెం వెనకబడతారు, లెక్కల్లో మరీ. ఒక్క ఏడాదిలో జారేది అతి తక్కువ, ఏ టీచరూ పసిగట్టలేనంత. ఐదో తరగతి అయ్యేసరికి అవన్నీ కలిసి తేడాగా బయటపడతాయి.

పెద్దయ్యాక ఆ తేడా ఎక్కడ తేలుతుందో 2018 అసర్ చెప్పింది. 14 నుంచి 16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో భాగహారం చేయగలిగిన మగపిల్లలు 50 శాతం, ఆడపిల్లలు 44 శాతం. అదే నివేదికలో హిమాచల్, పంజాబ్, కర్ణాటక, కేరళ, తమిళనాడులో ఆడపిల్లలే బాగా చేశారని ఉంది. దక్షిణాదిలో మూడు రాష్ట్రాల పేర్లున్నాయి, మన రెండింటి పేర్లు లేవు.   ఆడపిల్లల బుర్రకు లెక్కలెక్కవనే మాటను ఈ ఒక్క సంగతే కొట్టిపారేస్తుంది. రాష్ట్రం సరిహద్దు దాటితే బుర్ర మారిపోదు కదా.

మా బడి లోపలి తేడా అసలు తేడా కంటే చిన్నదిగా కనిపిస్తుందని నా అనుమానం. మా దగ్గర ఉన్న మగపిల్లలు ఎవరు? వ్యాను ఎక్కలేకపోయినవాళ్లు. ఫీజు కట్టలేని ఇళ్లవాళ్లు, చదువు మీద ఇంట్లో ఆశ వదిలేసుకున్నవాళ్లు. ఆడపిల్లలైతే ఊళ్లో మంచి చెడ్డ అన్ని ఇళ్ల నుంచీ వస్తారు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి "ఆడపిల్లలే ముందు" అని సంబరపడితే అది తప్పు తూకం. పోల్చాల్సింది ఒకే గడప లోపల, అన్నను చెల్లెలితో.

అన్న, చెల్లెలు

43లోంచి 17 తీసేసిన పాపకు ఏడాది పెద్దవాడైన అన్న ఉన్నాడు. టౌన్లో ఇంగ్లీషు మీడియం, ఐదో తరగతి. ఒక ఆదివారం వాళ్ల అవ్వను అడిగి, వసారాలో కూర్చోబెట్టి, అదే పరీక్ష పెట్టాను.

రెండో తరగతి తెలుగు కథ చెల్లెలు గడగడా చదివింది. అన్న పదానికో చోట ఆగాడు. సగం దాకా లాక్కొచ్చి వదిలేశాడు. హిందీ పుస్తకం తెచ్చి నాకు చదివి వినిపించాడు, బాగానే. తీసివేత ఇవ్వగానే పెన్సిలు పట్టకుండా "ఇరవై ఆరు" అన్నాడు. ఎట్లా అంటే, "పదిహేడు నుంచి ఇరవైకి మూడు, ఇరవై నుంచి నలభై మూడుకు ఇరవై మూడు. మొత్తం ఇరవై ఆరు."

ఇది ఏ బడీ చెప్పిన పద్ధతి కాదు. అంగట్లో చిల్లర తిరిగిచ్చేవాడి పద్ధతి. రోజూ సాయంత్రం అవ్వకు ఆకు వక్క, ఇంట్లోకి టీపొడి, చక్కెర తెచ్చేది వాడే. చెల్లెల్ని పంపరు. చీకటిపడే వేళ ఆడపిల్లను అంగడికి పంపడం ఎవరికీ ఇష్టం ఉండదు. పగలు ఆమెకు వేరే పనుంటుంది.

వాణ్ని టౌనుకు, పాపను మా బడికి ఎందుకని నేను అడగలేదు. అవ్వే చెప్పింది: "వాడు మొగపిల్లోడు సార్, రేపు యాడికన్నా పోయి బతకాల. ఇంగ్లీషు రాకుంటే ఎట్ల? పాపకు మీరుండారు గదా." చివరి మాట నన్ను పొగిడిందో దెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈ ఇంటి ఖర్చు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇంకో అధ్యయనం గుర్తొస్తుంది. 2008 నుంచి నాలుగేళ్లు ఉమ్మడి రాష్ట్రంలో 180 గ్రామాల్లో లాటరీ వేసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకూ వాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం వాళ్లు బాగా ముందున్నారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్ల మీద పెట్టేది ప్రభుత్వం పెట్టేదానిలో మూడో వంతుకు లోపే, తెలుగుకూ లెక్కలకూ ఇచ్చే సమయమూ తక్కువే. కాబట్టి ప్రైవేటు బడులను తీసిపారేయడానికి లేదు. కానీ ఆ అవ్వ కువైట్ డబ్బులతో మనవడికి కొన్నది లెక్కలు కాదు. వాడికి లెక్కలు అంగట్లో ఉచితంగా వచ్చాయి.

2020లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే అమ్మఒడి మొదలైనప్పుడు ఎందరు పిల్లలున్నా తల్లికి ఒకే 15,000 రూపాయలు. అది ఏ బిడ్డ ఫీజుకు పోయిందో వ్యాను చూస్తే తెలిసేది. 2025లో తల్లికి వందనం కింద బిడ్డకింత అని లెక్క మారాక మా ఊళ్లో ఒకరిద్దరు ఆడపిల్లలూ వ్యాను ఎక్కారు. సంతోషించాలో, బడిలో పిల్లల సంఖ్య తగ్గిందని దిగులుపడాలో హెచ్‌ఎంగా నాకు తెలియలేదు.

మొదటి పీరియడ్

అన్నకు అంగడి ఉంది సరే. చెల్లెలికి బడి ఉంది కదా, అక్కడెందుకు రాలేదు? దీనికి జవాబు మా టైంటేబుల్లో దొరికింది.

లెక్కలు మొదటి పీరియడ్ పెట్టడం బడుల్లో రివాజు. పొద్దున్నే బుర్ర చురుగ్గా ఉంటుందని అంటారు. మా ఊళ్లో కొళాయి నీళ్లు వచ్చేది ఆ వేళకే. అన్నకు క్యారియర్ సర్ది వ్యాను ఎక్కించాలి, బిందెలు పట్టాలి, అంట్లు తోమాలి, ఆ తర్వాత తల దువ్వుకుని పరుగున రావాలి. ప్రార్థన దాటి, హాజరు దాటి, లెక్క సగం బోర్డు మీద పడ్డాక ఆ పిల్లలు గుమ్మంలో నిలబడి "మే ఐ కమిన్ సార్" అంటారు. రమ్మంటాం, ప్రెజెంట్ వేస్తాం. వేయకపోతే మధ్యాహ్న భోజనం లెక్కలో ఒక ప్లేటు తగ్గుతుంది. రిజిస్టరులో ఆ పాప హాజరు నిక్షేపంగా ఉంటుంది, లెక్కల క్లాసుకు మాత్రం సగం రాదు. అధికారులెవరు వచ్చి రిజిస్టరు తిరగేసినా ఈ సంగతి బయటపడదు.

ఆలస్యంగా వచ్చిన పేరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెడుతూ పోయాం. నెల తిరిగేసరికి చుక్కలు ఎవరి పక్కన పేరుకున్నాయో చూస్తే, దాదాపు అన్నీ ఆడపిల్లల పేర్లు, అవీ మళ్లీ మళ్లీ అవే పేర్లు. 43లోంచి 17 తీసి 34 తెచ్చినవాళ్లే.

ఇది నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన సంగతి. పరిశోధనల్లో ఇంటి ఆదాయం, తల్లి చదువు, టీచరు ఆడా మగా అన్నీ కొలుస్తారు. కొళాయి నీళ్ల వేళకూ లెక్కల పీరియడ్‌కూ ఉన్న సంబంధం ఊళ్లో ఉన్నవాడే చూడాలి.

చేసిన పనులు

మొదట టైంటేబుల్. మొదటి పీరియడ్ తెలుగు చదవడం, లెక్కలు ఇంటర్వెల్ తర్వాత. ఆలస్యంగా వచ్చిన పిల్ల కథ మధ్యలో కూర్చున్నా అందుకోగలదు, తీసివేత మధ్యలో కూర్చుంటే అందుకోలేదు. పైసా ఖర్చు లేదు. ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు.

రెండోది చేయెత్తే పద్ధతి ఆపేయడం. పిల్లల పేర్లు ఐస్‌క్రీం పుల్లల మీద రాసి డబ్బాలో వేశాం. ఏ పుల్ల వస్తే వాళ్లు బోర్డు దగ్గరికి. మిగతావాళ్లు పలక మీద చేసి, చెప్పినప్పుడే పలక పైకెత్తాలి. పలకలు ఐదో తరగతికి కూడా తెప్పించాను. నోటుబుక్కులో కాపీ కొట్టడం తేలిక, పలకలో అందరి జవాబూ ఒకేసారి కనపడుతుంది. మొదట్లో ఆడపిల్లలు పుల్ల వచ్చినా లేవలేదు, తల దించుకుని నిలబడ్డారు. మగపిల్లలు "సార్, నేను సార్" అని ప్రాణం తీశారు. అది సర్దుకోవడానికి దసరా సెలవులు దాటాయి.

మూడోది మా ఇద్దరి పని మార్పిడి. ఇద్దరు టీచర్ల బడిలో ఒకటీ రెండూ మేడంకు, పై తరగతుల లెక్కలు సారుకు అనేది ఎవరూ రాయని రూలు. మామూలుగా నేను సెలవు మీదో మీటింగుకో పోయినప్పుడే మేడం పై తరగతికి వచ్చేది. పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలోనే ఇంకో ముక్క ఉంది: మహిళా టీచర్ల దగ్గర ఆడపిల్లలు మగ టీచర్ల దగ్గర కంటే ఎక్కువ నేర్చుకున్నారు, మగపిల్లలకు దానివల్ల నష్టమేమీ జరగలేదు. అందుకని నాలుగు, ఐదు లెక్కలు మేడం తీసుకున్నారు, నేను ఒకటో తరగతి గుణింతాలకు పోయాను. ఊళ్లో నవ్వారు. "సారును ఒకటో తరగతికి దించినారంట" అని అంగడి దగ్గర మాట. ఒకటో తరగతి చెప్పడం లెక్కలు చెప్పడం కంటే కష్టమని నాకు అప్పుడు తెలిసింది, అది వేరే కథ.

నాలుగోది అంగడి. గదిలో ఒక మూల పాత సబ్బు అట్టలు, టీపొడి ప్యాకెట్లు, పిల్లల చేతే చేయించిన కాగితం నోట్లు. గల్లా పెట్టె దగ్గర ఆడపిల్లలే కూర్చోవాలి. ఇది సరదాగా సాగింది, పేపరు మీద తీసివేతలకు మాత్రం ఏమీ ఒరగలేదు. కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో కూరగాయలు అమ్మే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పని 2025లో వచ్చింది. బేరంలో చకచకా లెక్క కట్టే పిల్లలు అదే లెక్కను బడి పద్ధతిలో ఇస్తే చేయలేకపోయారు. బడి లెక్కలు వచ్చిన పిల్లలు బేరంలో తడబడ్డారు. ఒకటి వస్తే రెండోది దానంతటదే రాదు. అది చదివాక మేడం పద్ధతి మార్చారు. అంగట్లో జరిగిన ప్రతి బేరాన్నీ వెంటనే బోర్డు మీద నిలువు తీసివేతగా రాయించారు. నలభై మూడు రూపాయల్లో పది నోటొకటి విడిపించి చిల్లర చేస్తే బోర్డు మీద 4 కొట్టేసి 3, 3 పక్కన ఒకటి చేరి 13. నోటు విడిపించడం చేతిలో, అప్పు తేవడం బోర్డు మీద, రెండూ ఒకే నిమిషంలో. అక్కడ తెగింది ముడి.

మారింది, మారనిది

మార్చిలో అదే పరీక్ష, అంకెలు మార్చి. మా పాపకు 62లోంచి 35. ఆరును కొట్టేసి ఐదు రాసింది, రెండును పన్నెండు చేసింది, 27. ఎట్లా అంటే "ఒక పది విడిపించినా సార్" అంది. చుక్కల జాబితాలోని ఆడపిల్లల్లో ఎక్కువమంది తీసివేత దాటారు. మగపిల్లల్లో గీకి వదిలేసేవాళ్లు కూడా పలకల పుణ్యమా అని మెట్లు రాయడం మొదలుపెట్టారు. భాగహారం దగ్గర మాత్రం ఆడా మగా అందరూ ఆగిపోయారు, ఎక్కాలు రాకుండా అది రాదు.

వీటిలో దేనివల్ల ఎంత మారిందో నేను విడదీసి చెప్పలేను. అన్నీ ఒకే ఏడాది చేశాం, పోల్చడానికి పక్కన ఇంకో బడి లేదు. ఒకటే ఎంచుకోమంటే టైంటేబుల్ అంటాను. మేడం పుల్లల డబ్బా అంటారు. టీచరు మార్పు సంగతి నాకు కనిపించిన మేరకు ఇది: ఇంటర్వెల్‌లో మేడం టేబుల్ చుట్టూ ఆడపిల్లలు పలకలు పట్టుకుని మూగేవాళ్లు. నా టేబుల్ చుట్టూ అలా ఎప్పుడూ లేరు.

ఒక పాపకు ఏ మార్పూ రాలేదు. చంటి తమ్ముడిని చూసుకోవడానికి వారంలో సగం రోజులు ఇంట్లోనే. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడాం, పిల్లవాణ్ని తీసుకుంటానన్నారు, కానీ వాడికి ఇంకా నడక రాలేదని ఇంట్లో పంపలేదు. కొళాయి వేళ మారలేదు, అంట్లు మారలేదు, ఆడపిల్లలు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తున్నారు. మేం చేసింది ఆ ఆలస్యం లెక్కల మీద పడకుండా పక్కకు తప్పించడమే. ఇంటి పని పంచుకోమని అవ్వలతో మీటింగులో అన్నాం. నవ్వి ఊరుకున్నారు. అన్నకు క్యారియర్ ఇంకా చెల్లెలే సర్దుతోంది.

మొన్న జూన్‌లో ఐదో తరగతి దాటినవాళ్లు మండల కేంద్రంలో హైస్కూలుకు వెళ్లారు. టీసీలతో పాటు, ఏ పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసిన కాగితం కూడా పంపాను. ఆ హైస్కూలు లెక్కల టీచరు ఫోన్ చేసి, భాగహారం రానివాళ్ల పేర్లు చదివి, "వీళ్లకు ఎఫ్‌ఏలో మంచి మార్కులున్నాయి కదా సార్, పొరపాటున రాశారా?" అని అడిగాడు. లేదు, ఎక్కాల నుంచి మొదలుపెట్టమని చెప్పాను.